గేరు రాడ్డు నుంచి స్విచ్ దాకా: అమెరికా ట్రక్కులో చేతిపని కథ

లారీ స్టీరింగు పట్టిన మనవాళ్లలో ఎవరినైనా అడగండి, గురువు దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఏంటని. క్లీనరుగా చేరి, అద్దాలు తుడిచి, టైర్లకు గాలి కొట్టి, ఏడాదో రెండేళ్లో గడిచాక ఒక రాత్రి ఖాళీ రోడ్డు మీద డ్రైవరన్న సీటు ఇచ్చి చెప్పిన మాట ఒక్కటే: "గేరు చప్పుడు రాకూడదురా." చప్పుడొస్తే వీపు మీద ఒకటి పడేది. లోడు బండిని చప్పుడు లేకుండా శ్రీశైలం ఘాట్ ఎక్కించి దించినవాణ్ణి అప్పుడు గానీ ఓనరు డ్రైవరని ఒప్పుకునేవాడు కాదు.

ఇప్పుడు ఆ మనిషో, అతని కొడుకో అమెరికాలో కొత్త ట్రక్కు ఎక్కితే అక్కడ గేరు రాడ్డే ఉండదు. క్లచ్ పెడలు కూడా ఉండదు. స్టీరింగు పక్కన చిన్న కాడో, డాష్‌బోర్డు మీద గుండ్రటి స్విచ్చో ఉంటుంది. దాన్ని 'డి'లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే 36 టన్నుల బండి దానంతటదే గేర్లు మార్చుకుంటూ పోతుంది.

అమెరికాలో తెలుగువాళ్లంటే కంప్యూటరు ఉద్యోగమే అని ఊళ్లో అనుకుంటారు. ట్రక్కు అనగానే కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలోని పంజాబీ సోదరులు గుర్తొస్తారు. కానీ గ్రీన్‌కార్డు మీద వచ్చిన మనవాళ్లు, గల్ఫ్‌లో ట్రైలర్లు నడిపి వచ్చినవాళ్లు, స్టోర్లలో నిలబడి విసిగిపోయినవాళ్లు కొందరు ఈ పనివైపు చూస్తున్నారు. వాళ్ల దగ్గర్నుంచి మాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది: "అన్నా, ఆటోమేటిక్ మీద నేర్చుకుంటే త్వరగా అయిపోతుందంటున్నారు. ఇంకా మాన్యువల్ ఎందుకు?"

జవాబు ఒక ముక్కలో చెప్పొచ్చు. కానీ ఆ ముక్క వెనకాల వందేళ్ల కథ ఉంది. అది తెలిస్తేనే మన చేతిపనికి ధర ఎవరు కట్టారు, ఎవరు తగ్గించారు అనేది అర్థమవుతుంది.

చప్పుడు రాకుండా గేరు వేయడం

కారు గేర్‌బాక్సులో సింక్రో అనే ఇత్తడి రింగు ఉంటుంది. తిరిగే రెండు భాగాల వేగం కలిసేలా అది చూసుకుంటుంది. అమెరికాలో 1928లోనే కాడిలాక్ కార్లకు అది వచ్చింది. పెద్ద ట్రక్కులకు మాత్రం రాలేదు. అంత బరువు లాగే గేర్లలో ఆ రింగులు త్వరగా అరిగిపోతాయి, బాక్సు ఖరీదు పెరుగుతుంది. అందుకని అమెరికా ట్రక్కు తయారీదార్లు ఆ పనిని డ్రైవరు చెవికీ, కాలికీ అప్పగించారు.

మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో ఫుల్లర్ అనే గేర్‌బాక్సుల కంపెనీ ఉండేది. 1958లో ఈటన్ కంపెనీ దాన్ని కొనేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికా హైవే మీద ఈటన్ ఫుల్లర్ 'రోడ్‌రేంజర్' గేర్‌బాక్సుదే రాజ్యం. 9, 10, 13, 18 గేర్ల రకాలు వచ్చాయి. 10 గేర్ల బాక్సులో రాడ్డుకు ఉండేది అయిదు స్థానాలే. రాడ్డు మీదున్న మీట కింద ఉంటే ఒకటి నుంచి అయిదు, మీట పైకెత్తితే అవే స్థానాలు ఆరు నుంచి పది. 13, 18 గేర్ల బాక్సుల్లో ఇంకో చిన్న బటన్ కూడా ఉంటుంది, అది 13లో పై గేర్లను, 18లో అన్ని గేర్లనూ రెండుగా చీలుస్తుంది.

గేరు పడాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తీసి క్లచ్ వదలాలి. పై గేరుకైతే ఇంజిన్ చుట్లు సుమారు 400 తగ్గేదాకా ఆగాలి. కింది గేరుకైతే న్యూట్రల్‌లో ఉండగానే యాక్సిలరేటర్ కొట్టి చుట్లు పెంచాలి. మళ్లీ క్లచ్ తొక్కి గేరులోకి నెట్టాలి. లెక్క కుదిరితే వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది. కుదరకపోతే కర్రుమంటుంది, ఎత్తు మీద బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. అప్పుడు గుండె గొంతులోకి వస్తుంది. చేయి తిరిగినవాళ్లు క్లచ్ ముట్టుకోకుండానే చుట్లు కలిపి గేర్లు వేసేవారు. స్కూల్లో, టెస్టులో మాత్రం ఆ పద్ధతిని ఒప్పుకోరు.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. 1954లో టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి మొదలుపెట్టిన లారీల మీదా, ఆ కాలపు లేలాండ్ బండ్ల మీదా మన పెద్దలు చేసింది ఇదే. విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్ అయినా గేర్‌బాక్సు విప్పి పళ్లు చూసి, "ఈ బండి తోలినవాడికి చెవుల్లేవు" అనేసేవాడు. కలమజూ బాక్సు పాఠమూ, ఆటోనగర్ పాఠమూ ఒకటే.

చేయి తిరిగినా జీతం ఎందుకు పడిపోయింది

ఇంత కష్టమైన పని వచ్చినవాడికి మంచి ధర ఉండాలి కదా? ఒకప్పుడు ఉండేది. కానీ ఆ ధర గేరు ఒక్కటే తెచ్చింది కాదు.

1935లో వచ్చిన మోటార్ క్యారియర్ చట్టం ట్రక్కు వ్యాపారాన్ని ప్రభుత్వ కమిషన్ కిందకు తెచ్చింది. ఏ కంపెనీ ఏ రూట్లో తిరగాలి, ఎంత కిరాయి తీసుకోవాలి అన్నది ఆ కమిషన్ చూసేది. ఎవడుపడితే వాడు కిరాయి తెగ్గోసి లోడు ఎత్తుకుపోవడానికి వీల్లేదు. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ రోడ్ల పని మొదలైంది, ట్రక్కులకు గిరాకీ పెరిగింది. 1964లో టీమ్‌స్టర్స్ యూనియన్ దేశమంతటికీ ఒకే ఒప్పందం కుదిర్చింది. నాలుగు లక్షల మందికి పైగా డ్రైవర్లు ఒకే కాగితం కిందకు వచ్చారు. ఆ రోజుల్లో ట్రక్కు డ్రైవరంటే ఇల్లు కొనుక్కుని పిల్లల్ని కాలేజీకి పంపగలిగిన కార్మికుడు.

1980 జూలై 1న అధ్యక్షుడు కార్టర్ ఇంకో మోటార్ క్యారియర్ చట్టం మీద సంతకం పెట్టాడు. రూట్ల మీద, కిరాయిల మీద ఉన్న కట్టుబాట్లు చాలావరకు ఎత్తేశారు. కొత్త కంపెనీలు వేలల్లో పుట్టుకొచ్చాయి. కిరాయిలు పడిపోయాయి, యూనియన్ కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి, జీతాలూ పడిపోయాయి. తాను కూడా ట్రక్కు నడిపి, తర్వాత ప్రొఫెసరైన మైకేల్ బెల్జర్ ఈ కథంతా 2000లో పుస్తకంగా రాశారు. చక్రాల మీద చెమటోడ్చే కార్ఖానాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి.

ఇక్కడ మనవాళ్లు ఒకటి గమనించాలి. 1980ల్లో హైవే మీద దాదాపు ప్రతి పెద్ద ట్రక్కులో గేరు రాడ్డే ఉంది. కంప్యూటరు ఇంకా ఆ పనిలోకి రానే లేదు. పని కష్టం తగ్గలేదు, అయినా జీతం తగ్గింది. "ఆటోమేటిక్ వచ్చి మన విలువ పోయింది" అని పాత డ్రైవర్లు అంటుంటారు. అందులో కొంత నిజముంది. కానీ విలువ పడిపోవడం అంతకు ముందే మొదలైంది. దాన్ని దించింది మిషను కాదు. చట్టం మారింది, దాంతో పాటు సంఘబలం తగ్గింది.

కంప్యూటరు గేరు పట్టుకుంది

1990ల్లో ఈటన్ 'ఆటోషిఫ్ట్' తెచ్చింది. బండి కదిలించడానికి, ఆపడానికి మాత్రమే క్లచ్ తొక్కాలి, దారిలో గేర్లు అదే మార్చుకుంటుంది. 2000 తర్వాత వచ్చిన 'అల్ట్రాషిఫ్ట్'లో క్లచ్ పెడలే తీసేశారు. యూరప్ ఇందులో ముందుంది, 1980ల మధ్యలోనే అక్కడ కంప్యూటరు సాయంతో గేర్లు వేసే ట్రక్కులు తిరిగాయి. వోల్వో తన 'ఐ-షిఫ్ట్'ను యూరప్‌లో 2001లో, అమెరికాలో 2007లో మొదలుపెట్టింది. 2010లో మాక్ 'ఎం-డ్రైవ్', ఆ తర్వాత డెట్రాయిట్ వాళ్ల 'డీటీ12' వచ్చాయి. 2017లో ఈటన్, కమిన్స్ కలిసి 'ఎండ్యూరంట్' దించాయి. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చే హైవే ట్రక్కుల్లో ఎక్కువ శాతం ఇవే.

చాలామంది వీటిని ఆటోమేటిక్ అనేస్తారు గానీ, నిజానికి ఇవి ఆటోమేటెడ్ మాన్యువల్. సిటీ బస్సుల్లో, చెత్త లారీల్లో, ఫైరింజన్లలో కనిపించే అలిసన్ బాక్సు వేరు. దాంట్లో క్లచ్ ప్లేటు బదులు నూనెతో నడిచే కన్వర్టర్ ఉంటుంది. హైవే ట్రక్కులో మాత్రం లోపల ఉన్నది పాత కథే: క్లచ్ ప్లేటు, పళ్లు, షాఫ్టులు అన్నీ ఉన్నాయి. డ్రైవరు కాలు, చేయి చేసే పనిని గాలి ఒత్తిడితోనో కరెంటు మోటార్లతోనో కంప్యూటరు చేస్తోంది. మన గురువు చెవితో విన్నదాన్ని అది సెన్సర్‌తో వింటోంది, అంతే.

కంపెనీలకు దీనిమీద అంత మోజు ఎందుకు? మొదటిది డీజిలు. మంచి డ్రైవరు నడిపితే రెండు రకాల బండ్లకీ తేడా తక్కువ. వందమంది రకరకాల డ్రైవర్లు నడిపితే ఆటోమేటెడ్ బండ్లన్నీ దాదాపు ఒకే మైలేజీ ఇస్తాయి. 2016లో వచ్చిన పొగ నిబంధనల లెక్కల్లో కూడా ఇలాంటి గేర్‌బాక్సులకు మార్కులు వేశారు. రెండోది క్లచ్ ప్లేట్ల ఖర్చు. మూడోది అన్నిటికంటే పెద్దది: డ్రైవర్లు నిలవకపోవడం. పెద్ద కంపెనీల్లో ఏడాదికి 90 శాతానికి పైగా డ్రైవర్లు మారిపోయిన సంవత్సరాలున్నాయని కంపెనీల సంఘమైన అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ లెక్కలే చెప్పాయి. మనుషులు అంత త్వరగా మారిపోతుంటే, నెలల తరబడి గేర్లు నేర్పే ఓపిక ఎవరికుంటుంది? త్వరగా నేర్పగలిగే బండి కావాలి. తీసేసినవాడి చోట ఇంకొకణ్ణి త్వరగా కూర్చోబెట్టగలిగే బండి కూడా అదే.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. ట్రాఫిక్‌లో రోజుకు కొన్ని వందలసార్లు క్లచ్ తొక్కిన మోకాలికి ఈ మిషను పెద్ద ఉపశమనం. నడుము నొప్పితో పని మానేద్దామనుకున్నవాళ్లు ఇంకో పదేళ్లు చేయగలుగుతున్నారు. ఆడవాళ్లకు, వయసు మళ్లాక పని మార్చుకున్నవాళ్లకు, మనలాగా పొరుగు దేశం నుంచి వచ్చినవాళ్లకు తలుపు కొంచెం తెరుచుకుంది. కళ్లు రాడ్డు మీద కాకుండా రోడ్డు మీద, అద్దాల్లో ఉంటున్నాయి. దీన్ని తిట్టి లాభం లేదు.

లైసెన్సు మీద ఒక్క అక్షరం

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 1986 చట్టంతో అమెరికాలో పెద్ద బండ్లకు దేశమంతా ఒకే తీరు లైసెన్సు, సీడీఎల్, వచ్చింది. 1992 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా ఎవరూ పెద్ద బండి నడపకూడదు. 2011లో సవరించిన నిబంధన ప్రకారం డ్రైవింగ్ టెస్టుకు క్లచ్ పెడలు లేని బండి తీసుకెళ్తే లైసెన్సు మీద 'ఇ' అనే అక్షరం వేస్తారు. దాని అర్థం: ఈ మనిషి మాన్యువల్ గేరున్న పెద్ద బండి నడపకూడదు. లోపల పళ్లు పాతవే అయినా, డ్రైవరు కాలితో క్లచ్ తొక్కి చేత్తో గేరు వేసేది కాకపోతే చట్టం దృష్టిలో అది ఆటోమేటిక్కే.

ఊళ్లో ఇరవై ఏళ్లు, గల్ఫ్‌లో పదేళ్లు రాడ్డు పట్టినా సరే, టెస్టు రోజు స్కూలువాళ్లు ఇచ్చిన బండిలో క్లచ్ లేకపోతే ఆ అక్షరం పడుతుంది. మన అనుభవం ఆ కార్డు మీద ఎక్కడా కనిపించదు. తర్వాత తీయించుకోవాలంటే మాన్యువల్ ట్రక్కు సంపాదించి మళ్లీ టెస్టుకు వెళ్లాలి. ఉద్యోగంలో ఉండగా ఆ బండి ఎవరిస్తారు, సెలవు ఎవరిస్తారు?

'ఇ' ఉన్నా పెద్ద కంపెనీల్లో పని దొరుకుతుంది, అక్కడ బండ్లన్నీ అవే. చిక్కు వచ్చేది రెండో అడుగులో. ఇసుక, కంకర టిప్పర్లు, కలప లోడ్లు, భారీ యంత్రాలు మోసే లోబెడ్లు, పొలాల సీజను పనులు, పాత ట్రక్కులున్న చిన్న ఓనర్లు: ఇలాంటి చోట్ల రాడ్డు ఇంకా ఉంది. రాత్రికి ఇంటికి చేరే పనులు కూడా కొన్ని వీటిలోనే ఉన్నాయి. సొంతంగా పాత ట్రక్కు కొనుక్కుందామన్నా అదే చిక్కు. అంటే ఆ అక్షరం ఈ రోజు ఉద్యోగాన్ని ఆపదు, రేపు ఈ ఉద్యోగం నచ్చకపోతే మానేసి ఇంకోచోటికి వెళ్లే దారిని ఇరుకు చేస్తుంది. వెళ్లే దారి ఉన్నవాడి మాటకే ఓనరు దగ్గర బలం.

2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా సీడీఎల్ తీసుకునేవాళ్లు ప్రభుత్వ జాబితాలో ఉన్న స్కూల్లోనే శిక్షణ పొందాలి. కానీ కనీసం ఇన్ని గంటలు బండి నడిపించాలని ఆ కేంద్ర నిబంధనలో లేదు. కాబట్టి డబ్బు కట్టే ముందు అడగండి: టెస్టుకు ఇచ్చే బండిలో క్లచ్ ఉందా? ఒక్కో విద్యార్థికి స్టీరింగు మీద ఎన్ని గంటలు? జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఇంకో హెచ్చరిక. హెచ్-1బీ మీదున్నవాళ్లు, చదువు వీసా మీదున్నవాళ్లు పక్కపనిగా ట్రక్కు నడపడం కుదరదు, వీసాకే ముప్పు. 2025లో ఈ రంగంలో వలసదారులపై నిబంధనలు బాగా బిగిశాయి. ఇంగ్లీషులో మాట్లాడి, బోర్డులు చదవలేకపోతే డ్రైవరును అక్కడికక్కడే బండి దింపేయడం జూన్ 25 నుంచి మొదలైంది. ఆగస్టులో ట్రక్కు డ్రైవర్ల వర్క్ వీసాలు ఆపారు. సెప్టెంబరులో, గ్రీన్‌కార్డు లేని విదేశీయులకు సీడీఎల్ ఇవ్వడాన్ని బాగా కుదిస్తూ నిబంధన తెచ్చారు, దాని మీద వ్యవహారం కోర్టుకెక్కింది. స్కూలు ఏజెంటు మాట నమ్మకుండా, మీ రాష్ట్ర లైసెన్సు ఆఫీసులో ఆ రోజుకున్న రూలు కనుక్కున్నాకే ముందుకు వెళ్లండి. గేరు మార్చడం మిషను నేర్చుకుంది గానీ, తనిఖీ అధికారికి జవాబు చెప్పాల్సింది మనమే.

దిగుడు మీద ఎవరూ తోడు రారు

1931లో క్లెస్సీ కమిన్స్ అనే డీజిల్ ఇంజిన్ల ఆయన ట్రక్కులో దేశం దాటుతూ కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు తప్పాయి. కింద రైల్వే గేటు, దాని మీద రైలు. వెంట్రుకవాసిలో బతికారు. ఆ భయం ఆయన మనసులోంచి పోలేదు. దశాబ్దాల తర్వాత ఇంజినే బండిని పట్టి ఆపేలా ఒక బ్రేకు కనిపెట్టారు, 1961లో జేకబ్స్ కంపెనీ దాన్ని తయారుచేసింది. హైవే మీద ఢబఢబమని వినిపించే 'జేక్ బ్రేక్' అదే.

ఆటోమేటెడ్ బండి ఎక్కినవాళ్లు మరిచిపోయే పాఠం ఇక్కడే ఉంది. కంప్యూటరుకు ఇప్పుడున్న బరువు, వేగం తెలుస్తాయి. మలుపు అవతల ఏముందో అన్ని బండ్లకూ తెలియదు. ఒరెగన్‌లో ఐ-84 మీద క్యాబేజ్ హిల్ ఆరు శాతం దిగుడు, పైగా మెలికలు. సియెర్రా కొండల్లో ఐ-80 మీద డానర్ కనుమ 7,239 అడుగుల ఎత్తు, చలికాలంలో మంచు. ఇలాంటి చోట్ల 'డి'లో వదిలేసి కాలు బ్రేకు మీద పెట్టుకుని దిగితే డ్రమ్ములు కాలి పొగలొస్తాయి.

మన ఘాట్ రోడ్డు సూత్రమే ఇక్కడా సూత్రం: దిగుడు మొదలవకముందే వేగం తగ్గించి కింది గేరులో ఉండాలి. ఆటోమేటెడ్ బండికి మాన్యువల్ మోడ్ ఉంటుంది. అందులో పెట్టి గేరు పట్టి ఉంచండి, ఇంజిన్ బ్రేకు వేయండి. వేగం హద్దు చేరినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి గంటకు అయిదు మైళ్లు తగ్గించి వదిలేయండి, మళ్లీ హద్దు చేరితే మళ్లీ అంతే. నున్నటి మంచు మీద మాత్రం ఇంజిన్ బ్రేకు వేయకూడదు, చక్రాలు జారతాయి. రాడ్డు మీద నేర్చుకున్నవాడికి ఇవన్నీ ఒంటికి తెలుసు. స్విచ్ మీద నేర్చుకున్నవాడు పట్టుబట్టి నేర్చుకోవాలి.

గేరు సరిగా పడకపోయినా, ఎత్తు మీద బండి వెనక్కి జారుతున్నా కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రమాదకరమైన బండి నడపనన్న డ్రైవరును పనిలోంచి తీసేయడం 1982 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. అలా చేస్తే 180 రోజుల్లోపు ఓషా అనే కార్మిక భద్రతా విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు.

మన లెక్క

చాలామంది లాంగ్ రూట్ డ్రైవర్లకు జీతం మైలుకు ఇంత అని. 1938 నాటి కార్మిక చట్టం రాష్ట్రాలు దాటే ట్రక్కు డ్రైవర్లను ఓవర్‌టైం హక్కు నుంచి మినహాయించింది, ఆ మినహాయింపు ఇంకా అలాగే ఉంది. గోడౌను దగ్గర నాలుగు గంటలు నిలబడితే చాలాసార్లు ఆ నాలుగు గంటలూ ఉత్తవే. గేర్‌బాక్సు మారితే డీజిలు మిగిలింది, క్లచ్ ప్లేట్లు మిగిలాయి, శిక్షణ ఖర్చు మిగిలింది. ఆ మిగులు మైలు రేటులోకి ఎంత వచ్చింది అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. "ఇప్పుడు ఎవరైనా నడుపుతారులే" అని ఎవరైనా అంటే, క్యాబేజ్ హిల్ మంచులో దింపి చూపించమనండి.

అందుకని మా మాట ఇది. వీలుంటే మాన్యువల్ బండి మీదే టెస్టు రాయండి, ఖర్చు కొంచెం ఎక్కువైనా సరే. ఆ తర్వాత హాయిగా ఆటోమేటెడ్ బండి నడుపుకోండి, మోకాలు బతుకుతుంది. ఇప్పటికే 'ఇ' పడినవాళ్లు దిగులు పడొద్దు. అది మీ పనితనం మీద ముద్ర కాదు, టెస్టు రోజు దొరికిన బండి మీద ముద్ర. తీయించుకునే అవకాశం వస్తే వదులుకోకండి.

చెయ్యి తిరగడం ఒక్కటే మనల్ని కాపాడదని 1980 చెప్పింది. 13 గేర్లు చప్పుడు లేకుండా వేసినవాళ్లే విడివిడిగా ఉన్నందుకు నష్టపోయారు. పని వచ్చి ఉండాలి, హక్కు తెలిసి ఉండాలి, పక్కవాడితో కలిసి ఉండాలి. ఆ రాత్రి ఖాళీ రోడ్డు మీద గురువు సీటు ఇచ్చినప్పుడు గేరు ఒక్కటే నేర్పలేదు, తన పని ఇంకొకడికి పంచాడు. మనలో ముందు వచ్చినవాళ్లు వెనక వచ్చేవాళ్లకు అదే చేయాలి.